వేగానికి ఓ చోటు కావాలి

మా కృష్ణా డెల్టాలో ఇప్పుడు మంచి కార్లు ఉన్నాయి, వాటిని వాటి సత్తా మేరకు నడిపే చోటు లేదు. అందుకే కుర్రాళ్లు కాలవగట్ల మీద నడుపుతున్నారు, కొందరు ఇంటికి రావడం లేదు. ఈ సంగతి నలుగురికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

గుడివాడలో వీల్ అలైన్‌మెంటు, సస్పెన్షన్ పని నా జీవనాధారం. బందరు, పెడన, పామర్రు, అవనిగడ్డ, కైకలూరు వైపు నుంచి బళ్లు వస్తాయి. వరి రైతుల పిల్లలు, చేపల చెరువుల వాళ్లు, రొయ్యల వ్యాపారులు, సెలవులకు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నా షాపు మెట్లెక్కుతారు. ఒకప్పుడు కారు కొనేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ ఎంత అని. ఇప్పుడు పాతికేళ్ల కుర్రాడు అడిగేది నూరు అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది అని. ఈ మార్పును నేను తప్పుపట్టను. ఇంజను గొంతు విని బండి ఆరోగ్యం చెప్పగలిగేవాడికి వేగం మీద ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది? బాగా కట్టిన కారును బాగా నడపడం ఒక విద్య. ఆ విద్యకు గౌరవం దక్కాలనే నా తాపత్రయం.

ముందు కారు సంగతి. పెర్ఫార్మెన్స్ కారు అనగానే మా వైపు హార్స్‌పవర్ అంకె చెబుతారు. నేను చూసేది వేరే వరుసలో. బండి ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో ఎంత నిబ్బరంగా ఉంటుంది, ఆ తర్వాతే ఎంత త్వరగా పరుగందుకుంటుంది. ఈ వరుసలో చూస్తే నా చేతుల మీదుగా వెళ్లిన మంచి బళ్లలో కోట్ల ఖరీదువి లేవు. 2000 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ వీటెక్ తేలికైన బండి, చక్రం ఎటు తిప్పితే అటు తిరిగేది. ఫియట్ పాలియో 1.6 మైలేజీకి పనికిరాదని జనం వదిలేశారు గాని, దాని స్టీరింగు చెప్పినట్టు రోడ్డు సంగతి చేతులకు చెప్పే బండి ఆ ధరలో మరొకటి లేదు. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐలో ఉన్నది 1.2 లీటర్ల చిన్న ఇంజను. 105 హార్స్‌పవరుతోనే ఎంతోమంది కుర్రాళ్లకు కారంటే ఏమిటో నేర్పింది. ఇవాళ వర్టస్, స్లావియాల్లో వస్తున్న 1.5 లీటర్ల టర్బో ఇంజను 150 హార్స్‌పవర్ ఇస్తుంది. మా నాన్నల తరం పెళ్లిళ్లకు కట్టుకెళ్లిన డీజిల్ అంబాసిడర్ శక్తి నలభై లోపే. దానికి నాలుగింతల శక్తి ఇప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రాడి కుడికాలి కింద ఉంది.

ఎలక్ట్రిక్ బళ్లతో లెక్క ఇంకా మారింది. పెద్ద బ్యాటరీ వేసిన మహీంద్రా బీఈ 6 శక్తి 286 హార్స్‌పవర్. నూరు అందుకోవడానికి 6.7 సెకన్లు చాలంటుంది కంపెనీ. గేర్లు ఉండవు, ఇంజను అరుపు ఉండదు, తొక్కగానే టార్కంతా ఒక్కసారే వస్తుంది. పాత బండిలో శబ్దం, అదురు, స్టీరింగు వణుకు కలిసి ఇక చాలని నడిపేవాడికి చెప్పేవి. ఈ బళ్లలో నూట ఇరవై కూడా అరవైలాగే ఉంటుంది. నాకు ఎలక్ట్రిక్ బళ్ల మీద కోపం లేదు. వాటిని నడిపేవాడికి మరింత శిక్షణ కావాలనేది నా గట్టి అభిప్రాయం.

ఇటీవల ఓ కుర్రాడు తన బండికి రీమ్యాప్ చేయించాలనుకుంటున్నానని, ముందు అలైన్‌మెంటు చూసిపెట్టమని వచ్చాడు. రీమ్యాప్ అంటే ఇంజను కంప్యూటర్‌లో లెక్కలు మార్చి ఇంకో ముప్పై, నలభై హార్స్‌పవర్ రాబట్టడం. బండిని లిఫ్టు మీదికి ఎక్కించాం. టైర్లు పైకి చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. చక్రం పూర్తిగా తిప్పి లోపలి అంచు మీద చెయ్యి పెడితే గుండు తేలి నున్నగా ఉంది, ఒకచోట దారాలు చేతికి తగిలాయి. టో, అంటే చక్రాలు తిన్నగా చూడాల్సిన కోణం, తప్పిన బండి చేసే పని అది. లోపలి అంచును ఎవరికీ కనిపించకుండా అరగదీస్తుంది. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూపించాను. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటింది. తర్వాత బ్రేక్ ఆయిల్ చూశాం. మంచి ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది, ఇది కాఫీ డికాక్షన్ రంగుకు వచ్చింది.

ఈ బ్రేక్ ఆయిల్ గురించి మా తీరప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. మా బందరు, దివిసీమ గాలిలో తేమకు కొదవేముంది? డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. వేగంగా వస్తూ పదేపదే బ్రేకు తొక్కితే ఆ వేడి ఆయిల్‌దాకా వస్తుంది. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు కడతాయి, పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటాం. దానికయ్యే ఖర్చు ఒక రిమ్ము ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇంతే: నాన్నా, ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత షాకబ్జార్లు, బుష్‌లు. ఇవన్నీ అయ్యాక ఇంకా డబ్బు మిగిలితే నడపడం నేర్చుకోవడానికి పెట్టు. రీమ్యాప్ సంగతి ఆఖర్న చూద్దాం.

ఇక రోడ్డు సంగతి. విజయవాడ నుంచి బందరు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది, బాగుంది. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216 పెడన, బందరు, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా పోయి పులిగడ్డ దగ్గర వారధి ఎక్కుతుంది. పామర్రు నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా భీమవరం వైపు 165. వీటి నుంచి పక్కకు దిగితే అన్నీ కాలవగట్ల రోడ్లే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పంట బోదె, మధ్యలో ఒకటిన్నర బండి పట్టే తారు. కింద నల్లరేగడి నేల. ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది, రోడ్డు అంచులు కుంగుతాయి. నేను ఇవాళ సరిచేసిన అలైన్‌మెంటు ఈ రోడ్ల మీద మూడు నెలలు నిలిస్తే గొప్ప.

ఆ రోడ్డు మీద ఏముంటుందో కాలాన్నిబట్టి చెప్పొచ్చు. నాట్లప్పుడు దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రాల నుంచి రేగడి బురద తారు మీద పడుతుంది. దాని మీద వాన జల్లు పడితే ఏ కంపెనీ టైరైనా జారాల్సిందే. కోతలయ్యాక వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారు, అంచులకు రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు కనిపించవు. వరి తర్వాత మినుము. పీకిన మినుప కట్టెను బళ్లు తొక్కి నూర్చిపెడతాయని రోడ్డు మీద పరుస్తారు. ఎండిన కట్టె మీద బ్రేకు తొక్కితే చక్రం పట్టు దొరకదు. అది బండి కింద సైలెన్సరుకు చుట్టుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు. కోసిన పొలాల్లోకి తోలుకెళ్లే బాతుల మందలు. ఐసునీళ్లు కారుస్తూ పోయే రొయ్యల లారీలు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు ఏడాది పొడవునా ఉంటాయి. ఇవన్నీ మా బతుకుతెరువులు. రైతు కళ్లం లేక రోడ్డెక్కాడు, ఆయన్ని తిట్టి లాభం లేదు. ఈ రోడ్డు ఎవరిదో కారు నడిపేవాడు గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు చిన్న లెక్క. మంచి టైర్లు, సరైన బ్రేకులు, ఎండిన తారు ఉన్నాయనుకుందాం. గంటకు అరవై మీద వెళ్లేవాడు అడ్డం చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపు ఒక సెకను గడిస్తే బండి 17 మీటర్లు పోతుంది. ఆ తర్వాత ఆగడానికి ఇంకో 15 మీటర్లు. మొత్తం 32. నూరు మీద ఇదే లెక్క 28, 40 కలిసి 68 మీటర్లు. నూట నలభై మీద 39, 80 కలిసి దాదాపు 120 మీటర్లు. వేగం రెండింతలైతే బండి మోసే శక్తి నాలుగింతలవుతుంది. ఇది భౌతికశాస్త్రం, డ్రైవరు ఎవరని అడగదు. బురద మీదైతే ఈ మీటర్లన్నీ ఇంకా ఎంతో పెరుగుతాయి. చీకట్లో డిమ్ లైటు వెలుగు పడే దూరంలో నూట నలభై మీద ఆగగల కారు ఈ లోకంలో లేదు. వెనక లైటు లేని ట్రక్కు కనబడిన క్షణానికే ఆలస్యమైపోయి ఉంటుంది.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణాశాఖ లెక్క. అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని అదే లెక్క చెబుతోంది. మా ప్రాంతానికి ఈ బాధ కొత్త కాదు. మా గుడివాడకు దగ్గర్లోనే, పామర్రు మండలంలో నిమ్మకూరు ఉంది, నందమూరి వారి ఊరు. 2009 మార్చిలో ఎన్నికల ప్రచారం నుంచి వస్తూ జూనియర్ ఎన్టీఆర్ సూర్యాపేట దగ్గర ప్రమాదంలో గాయపడి బతికారు. 2014 డిసెంబరులో ఆయన తండ్రి హరికృష్ణ గారి పెద్దబ్బాయి జానకిరామ్ గారి సఫారీ మునగాల మండలంలో ట్రాక్టరును ఢీకొంది, ఆయన దక్కలేదు. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున హరికృష్ణ గారు స్వయంగా కారు నడుపుతూ నల్గొండ జిల్లా అన్నేపర్తి దగ్గర ప్రాణం పోగొట్టుకున్నారు. తండ్రి ఎన్టీఆర్ గారి ప్రచార వాహనం చైతన్యరథాన్ని ఊరూరా నడిపిన మనిషి ఆయన. చక్రం పట్టడం ఆయనకు తెలియక కాదు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. ఆ రోజు మా ఊళ్లో ఎంతమంది ఏడ్చారో నాకు తెలుసు. ఎవరినీ నొప్పించడానికి ఈ పేర్లు ఎత్తడం లేదు. ఎంత అనుభవం ఉన్న చేతికైనా రోడ్డు మీద రెండో అవకాశం ఉండదని మా వాళ్లందరికీ తెలిసిన ఉదాహరణలతో చెబుతున్నాను.

మా గుడివాడకు ఇంకో పక్క, నందివాడ మండలంలో రామాపురం ఉంది. అక్కినేని నాగేశ్వరరావు గారు పుట్టిన ఊరు. ఆయన మనవడు నాగచైతన్యకు కార్లంటే, రేసింగ్ అంటే ప్రాణమని అందరికీ తెలుసు. 2024లో ఆయన ఇండియన్ రేసింగ్ ఫెస్టివల్‌లో పోటీపడే హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును తీసుకున్నారు. వేగం మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ ప్రేమను, డబ్బును ట్రాకు వైపు మళ్లించాలి. మా కుర్రాళ్లు అభిమాన హీరో ఏ కారు కొన్నాడో నంబరుతో సహా చెబుతారు. ఆ కారును ఎక్కడ నడపాలో కూడా వాళ్ల దగ్గరే నేర్చుకుంటే బాగుంటుంది.

ట్రాకు అంటే ఏమిటో చూడనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. మేం వెళ్లే పెద్ద ట్రాకు మద్రాసు శివారు ఇరుంగాట్టుకోట్టైలోది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని కట్టింది, 1990 నుంచి నడుస్తోంది. అంతకుముందు ఆ క్లబ్ రేసులు షోళవరంలో, యుద్ధకాలంలో వేసిన పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. ఇప్పటి ట్రాకు పొడవు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. బందరు నుంచి ఒంగోలు మీదుగా నాలుగు వందల కిలోమీటర్లకు పైగానే ప్రయాణం. ట్రాక్ డే అని పెట్టిన రోజుల్లో సొంత బండితో వెళ్లి నడపొచ్చు. నా ఖాతాదార్ల బళ్లు సిద్ధం చేయడానికి నేనూ వెంట వెళ్తుంటాను.

అక్కడ మొదటి పని బండిని తనిఖీ చేయడం. బ్రేక్ ప్యాడ్ల మందం, ఆయిల్ కారుతోందా, బ్యాటరీ గట్టిగా బిగించి ఉందా, సీటు బెల్టు సరిగా ఉందా చూస్తారు. డిక్కీలో స్టెప్నీ నుంచి డ్యాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ దాకా కదిలేవన్నీ తీయిస్తారు. హెల్మెట్ లేనిదే లోపలికి పంపరు. తర్వాత డ్రైవర్లందర్నీ కూర్చోబెట్టి జెండాలు నేర్పుతారు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించు, దాటకు. ఎరుపు అయితే సెషన్ ఆపేశారు. నీలం అయితే వెనక నీకన్నా వేగంగా వస్తున్నవాడికి దారివ్వు. నలుపు అయితే నువ్వు బయటికి రా. అంబులెన్సు ఇంజను ఆన్ చేసి సిద్ధంగా ఉంటుంది. ఎదురుగా ఏ బండీ రాదు. గేదె రాదు, బడిపిల్లాడి సైకిలు రాదు. మలుపు బయట జారినవాడి కోసం ఖాళీ స్థలం వదిలి ఉంటుంది, దాని వెనక టైర్ల గోడ ఉంటుంది.

పక్క సీట్లో కూర్చుని చూస్తే తెలుస్తుంది, మా హైవే వీరుడికి నిజంగా ఏం వచ్చో. తిన్నటి రోడ్డు మీద కాలు నొక్కిపెట్టడం ఎవరికైనా వచ్చు. మలుపు ముందు ఎక్కడ బ్రేకు తొక్కాలి, ఎంత గట్టిగా తొక్కాలి, చక్రం తిప్పుతూ కాలు ఎలా వదలాలి, బరువు ముందు చక్రాల మీదికి వచ్చినప్పుడు వెనక భాగం తేలికై ఎలా జారబోతుంది, ఇవి అక్కడ మొదటి అరగంటలో శరీరానికి తెలుస్తాయి. మొదట్లో అందరూ ఆలస్యంగా బ్రేకు తొక్కుతారు, మలుపు తప్పుతారు, బండి పచ్చిక మీదికి పోతుంది. నాలుగైదు ల్యాపుల తర్వాత టైర్లు వేడెక్కుతాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 30 పెట్టిన గాలి 38 చూపిస్తుంది. ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది. అప్పుడు ఒక చల్లార్చే ల్యాపు వేసి పక్కకు తీయాలి. హ్యాండ్ బ్రేకు వేయకూడదు, వేడికి ప్యాడ్లు డిస్కుకు అంటుకుంటాయి. సాయంత్రానికి ఆ కుర్రాడి ముఖంలో గర్వం కన్నా బుద్ధి ఎక్కువ కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో వాళ్లు ఎనభై దాటకుండా నడపడం నేను చూశాను. ఆగడానికి ఎంత దూరం పడుతుందో ఒంటికి తెలిసినవాడు మరి రోడ్డు మీద ఎగబడడు.

సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు ముందు సాధనలో గోడను గుద్దారు. ఆ వీడియో లక్షలమంది చూశారు. బండి నుజ్జయింది, ఆయన దిగి నడుచుకుంటూ వెళ్లారు. లోపల రోల్ కేజ్ ఉంది, మెడను కాపాడే పరికరం ఉంది, ఒంటికి అన్ని వైపులా బెల్టులు ఉన్నాయి, ఎదురుగా దెబ్బను తీసుకునే గోడ ఉంది. అదే వారం ఆయన జట్టు తన క్లాసులో మూడో స్థానంలో నిలిచింది. ఆ గుద్దుడు మా పుల్లేరు కాలవగట్టు మీద జరిగి ఉంటే ఏమయ్యేదో వివరించక్కర్లేదు.

తెలుగువాళ్లకు ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి 2016లో యూరో జేకే సిరీస్ చాంపియన్ అయ్యాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల దారి మీద ఫార్ములా ఈ రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. దేశంలో మొదటి ఫార్ములా ఈ రేసు మన తెలుగు నేల మీద జరగడం నాకు గర్వంగా అనిపించింది. మరుసటి ఏడాది జరగాల్సింది రద్దయింది. 2024 ఆగస్టు, సెప్టెంబరు సంధిలో చెన్నై తన వీధుల్లో రాత్రి రేసు పెట్టుకుంది. ఇవన్నీ చూడడానికి బాగుంటాయి. రెండు రోజులు గోడలు కట్టి మూడోనాడు పీకేసే రోడ్డు వల్ల గుడివాడ కుర్రాడికి వచ్చేదేమీ లేదు. వాడికి కావలసింది ఏడాది పొడవునా తెరిచి ఉండే మామూలు చోటు.

మా జిల్లాకు ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. సంక్రాంతికి ఎడ్ల బలప్రదర్శన పెట్టినప్పుడు ఒంగోలు గిత్తల్ని ఎవరూ జాతీయ రహదారి మీద లాగించరు. బరి గీస్తారు, బండ తూకం వేస్తారు, సమయం పెడతారు, లాగిన దూరం టేపుతో కొలుస్తారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు చేస్తారు. జనం తాడు అవతలే నిలబడతారు. మోటార్ స్పోర్ట్ అంటే కూడా సరిగ్గా ఇదే. ఇంజను సైజును బట్టి క్లాసులు, కొలిచిన దారి, గడియారం, తాడు అవతల జనం. ఎద్దుకు ఇచ్చిన మర్యాద యంత్రానికి ఇవ్వలేమా?

నేను అడిగేది ఫార్ములా వన్ ట్రాకు కాదు. గ్రేటర్ నోయిడాలో భారీ ఖర్చుతో కట్టిన బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 12, 13 మూడేళ్లే ఆ రేసు జరిగింది. మనకు అంత అక్కర్లేదు. నాలుగు వందల మీటర్ల పొడవు, రెండు వందల మీటర్ల వెడల్పు ఉన్న గట్టి చదును నేల చాలు. అంటే ఇరవై ఎకరాలు. బందరు చుట్టుపక్కల పంటకు పనికిరాని చవుడు భూములు ఉన్నాయి. అందులో ఒక ముక్క తీసి, మెరక చేసి, తారు వేసి, ప్లాస్టిక్ కోన్లు పెడితే ఆటోక్రాస్ జరుగుతుంది. ఒకసారి ఒకే బండి వెళ్తుంది. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి వేగం పెద్దగా పెరగదు, నైపుణ్యం మాత్రం పూర్తిగా బయటపడుతుంది. కోను తగిలితే సెకన్లు కలుపుతారు. స్విఫ్టు వేసుకొచ్చినవాడు కోటి రూపాయల బండిని ఓడించగల పోటీ అది. జాతీయ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య నిబంధనలు దీనికి ఉన్నాయి, పాటిస్తే చాలు.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అనేవాళ్లు ఉంటారు. అదే నేల మీద మిగతా రోజుల్లో తడి రోడ్డు మీద బ్రేకు వేయడం, జారే బండిని అదుపు చేయడం నేర్పొచ్చు. గుడివాడ, బందరు, అవనిగడ్డ ఆర్టీసీ డిపోల డ్రైవర్లు, 108 డ్రైవర్లు, బడి బస్సులు నడిపేవాళ్లు, రొయ్యల లారీల వాళ్లు నేర్చుకోవచ్చు. బందరు పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. పోర్టు నడవడం మొదలైతే ఈ రోడ్ల మీద భారీ వాహనాలు ఎన్నింతలవుతాయో ఊహించుకోండి. అప్పటికి మనకు చేయి తిరిగిన డ్రైవర్లు కావాలి. మల్లవల్లిలో బస్సుల ఫ్యాక్టరీ, పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ, శ్రీసిటీ వైపు పికప్ బళ్లూ మోటారు సైకిళ్ల ఫ్యాక్టరీలు పెట్టుకున్న రాష్ట్రం మనది. తయారు చేసే చోట నడపడం నేర్పే ఏర్పాటు ఉండడం న్యాయం.

ట్రాకు ఇస్తే కుర్రాళ్లకు ఇంకా వేగం పిచ్చి పడుతుందనేది మరో మాట. పిచ్చి ఇప్పటికే ఉంది. మంగినపూడి బీచ్ రోడ్డు మీద ఆదివారం సాయంత్రం చక్రాలు తిప్పిన నల్లటి గీతలు చూడండి. ఆ గీతల పక్కనే కుటుంబాలు పిల్లల్ని చేయి పట్టుకుని నడుస్తుంటాయి. చోటు లేకపోతే మానేస్తారని అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

చోటు అడుగుతున్నానంటే రోడ్డు మీద ఉపేక్షించమని కాదు, అక్కడ మరింత కఠినంగా ఉండమంటున్నాను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, లేకుంటే రెండూ. మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు లేదా 10 వేల దాకా జరిమానా, లేకుంటే రెండూ. విభజిత నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100, మామూలు రోడ్ల మీద 70. ఆర్సీలో ఉన్నదానికి విరుద్ధంగా బండిని మార్చడం 52వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మామూలు కారు ఇన్సూరెన్సు పాలసీలో రేసింగ్‌కు, వేగ పరీక్షలకు రక్షణ లేదు. ట్రాకు మీద బండి పాడైనా సొంత డబ్బే పెట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఈ మాట ముందే చెబుతాను.

కృష్ణా జిల్లా యంత్రాంగానికి నా విన్నపం ఇది. బందరు పరిసరాల్లో ఇరవై ఎకరాల చవుడు భూమి చూడండి. రవాణాశాఖ, ఆర్టీసీ, పోలీసుశాఖ కలిసి శిక్షణ మైదానం కట్టండి, సెలవు రోజుల్లో ఆటోక్రాస్‌కు ఇవ్వండి. రైతులకు కళ్లాలు కట్టించండి, రోడ్డు మీద వడ్లూ మినుమూ ఆరబోసే అవసరం తప్పించండి. ట్రాక్టరు ట్రక్కులకు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించే పని ఈ కోతలకు ముందే మొదలుపెట్టండి. దానికి అయ్యే ఖర్చు ఏ ఆస్పత్రి బిల్లు కన్నా తక్కువ.

అమ్మానాన్నలకు ఒక మాట. అబ్బాయికి పాతిక లక్షల కారు కొనివ్వగలిగినవాళ్లు వాడికి రెండు రోజుల డ్రైవింగ్ శిక్షణ కూడా ఇప్పించగలరు. తాళంచెవి ఇచ్చే ముందు ఆ పని చేయండి. తమ్ముళ్లకూ ఒక మాట. వేగం కావాలంటే మద్రాసు వెళ్లండి, మన దగ్గర మైదానం వచ్చేదాకా ఆ నాలుగు వందల కిలోమీటర్లు ఓపిగ్గా నడుపుకుంటూ వెళ్లండి. ఈ వారం మాత్రం మీ బండి టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూసుకోండి, బ్రేక్ ఆయిల్ మార్చించుకోండి, వెనక సీట్లో కూర్చునేవాళ్లతో కూడా బెల్టు పెట్టించండి.